ఎక్స్‌రేకి చిక్కని నొప్పి

(డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ స్మృతికి అంకితమిస్తూ రాసిన స్మారకోపన్యాస పాఠం)

కోఠిలో ఇవాళ సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రిగా అందరికీ తెలిసినది ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ ఆసుపత్రి. అక్కడ కత్తి పట్టిన సర్జన్ల పేర్లు చాలావరకు మరుగున పడ్డాయి గానీ, రోగి తలదగ్గర నిలబడి మత్తు ఇచ్చిన ఒక వైద్యురాలి పేరు మాత్రం నిలిచింది. ఆమె రూపాబాయి ఫర్దూన్జీ. హైదరాబాద్ మెడికల్ స్కూలు 1885లో చేర్చుకున్న తొలి విద్యార్థినుల్లో ఒకరు. 1889లో హకీం అనే వైద్యపట్టా పుచ్చుకున్నారు. ఆ ఏడు మొదలు 1917 దాకా రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, తర్వాత విక్టోరియా జనానా ఆసుపత్రిలో మత్తు ఇవ్వడమే వృత్తిగా గడిపారు. ప్రపంచంలో ఈ పనికి అంకితమైన తొలి మహిళల్లో ఆమెను ముందు వరసలో చెప్పుకుంటారు. చేస్తున్న పని లోతు తెలియాలని 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదివి వచ్చారు.

ఆమె స్మృతిలో మాట్లాడటానికి గుండె ఆపరేషనో, కాలేయ మార్పిడో ఎంచుకోవచ్చు. ఈ ఉపన్యాసం ఎంచుకున్నది వేలి గోరు కింద పుట్టే చిన్న కంతి. గ్లోమస్ ట్యూమర్ అంటారు దాన్ని. క్యాన్సర్ కాదు, ప్రాణం తీయదు. చాలాసార్లు అర సెంటీమీటరు కూడా ఉండదు. కానీ మనిషిని రాత్రిళ్లు నిద్రలోంచి లేపి కూర్చోబెడుతుంది. ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకు, అందులోనూ ముప్ఫై నుంచి యాభై ఏళ్ల మధ్యవాళ్లకు. బయటికి వాపు లేదు, ఎరుపు లేదు, దెబ్బ తగిలిన గుర్తు లేదు. ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు ‘నార్మల్’ అని వస్తుంది. దాంతో ఇంట్లోవాళ్లు నమ్మరు. అంతకన్నా బాధాకరమైన విషయం, డాక్టర్లూ నమ్మరు. నొప్పిని తగ్గించడానికే బతుకంతా వెచ్చించిన వైద్యురాలి పేరున చెప్పుకోదగ్గ జబ్బు ఇదే.

ఇలాంటి రోగుల కథలు కాస్త అటూ ఇటూగా ఒకే దారిలో నడుస్తాయి. వంటింట్లో గిన్నె అంచు తగిలితే ప్రాణం పోయినంత పని అవుతుంది. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీస్తే వేలి కొస నుంచి మోచేతిదాకా, ఒక్కోసారి భుజందాకా సలుపు పాకుతుంది. డిసెంబరు తెల్లవారుజామున కుళాయి కింద చెయ్యి పెట్టాలంటే భయం. ఆ వేలిని మిగతా వేళ్లకు దూరంగా ఎత్తి పట్టుకుని పనులు చేసుకోవడం అలవాటవుతుంది. ఇంట్లో పెద్దావిడ చూసి గోరుచుట్టు అంటుంది. నిమ్మకాయకు చిల్లు పెట్టి వేలికి తొడుగుతుంది. నిజంగా గోరుచుట్టే అయితే నాలుగు రోజుల్లో ఎర్రబడి, చీము పట్టి, ఏదో ఒక దారిన తేలుతుంది. ఇది తేలదు. నెలలైనా అలాగే ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని తెలుగువాళ్లు ఏ బాధనైతే సామెత చేశారో, ఈ రోగికి రోకలి అక్కర్లేకుండానే ఆ పోటు రోజుకు పదిసార్లు వస్తుంది.

తర్వాత మందుబిళ్లలు. ఆ తర్వాత ఎముకల డాక్టరు. మెడలో నరం నొక్కుకుందేమోనని మెడకు స్కానింగు. వాతం అనుకుని రక్తపరీక్షలు. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక చివరి మజిలీ మానసిక వైద్యుడు. మెడికల్ పత్రికల్లో అచ్చయిన కేసుల్లో ఐదేళ్లు, పదేళ్లు ఈ నొప్పిని మోసినవాళ్లు కొల్లలు. వేలు తీసేయమని బతిమాలినవాళ్లూ ఉన్నారు. ఇంతా చేసి ఈ జబ్బును పట్టుకోవడానికి కావలసింది ఒక గుండుసూది, ఒక ఐసు ముక్క, బీపీ చూసే పట్టీ. ఆ మూడూ లేని ఆసుపత్రి అరుదు.

వేలి కొసల్లో, ముఖ్యంగా గోరు కింది మెత్తటి పొరలో, కంటికి కనిపించనంత చిన్న రక్తనాళపు ముడులు వందల కొద్దీ ఉంటాయి. వీటిని గ్లోమస్ బాడీలు అంటారు. మామూలుగా రక్తం ధమని నుంచి సన్నటి కేశనాళికల గుండా తిరిగి సిరలోకి చేరాలి. ఈ ముడుల్లో మాత్రం ధమని నుంచి సిరకు నేరుగా అడ్డదారి ఉంటుంది. చెరువుకు తూము ఎలాగో చర్మానికి ఇవి అలాగ. చలి వేసినప్పుడు మూసుకుని ఒంట్లో వేడిని కాపాడతాయి, ఉక్కపోసినప్పుడు తెరుచుకుని వేడిని బయటికి వదులుతాయి. ఈ అడ్డదారి చుట్టూ ముడుచుకోగల కండర కణాలు, వాటిని అల్లుకుని సన్నటి నరాలు ఉంటాయి. ఆ కణాలు అదుపు తప్పి పెరిగితే పుట్టేదే ఈ కంతి. చలి తగలగానే నొప్పి ఎందుకు లేస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. పైన గట్టి గోరు, కింద ఎముక ఉండటంతో కంతి ఒత్తిడి పక్కకు పోవడానికి చోటు లేదు.

దీన్ని మొదట కాగితం మీద పెట్టినవాడు ఎడిన్‌బరో సర్జన్ విలియం వుడ్. చర్మం కింద చిన్న బుడిపెలు, ముట్టుకుంటే విపరీతమైన నొప్పి, ఆడవాళ్లలో ఎక్కువ అని 1812లోనే రాశాడు. ఆయన వర్ణించిన వాటిలో కొన్ని వేరే రకం కంతులు కూడా అయి ఉండవచ్చు. అయినా రోగి మాటను నమ్మి రాసిన రాత అది, అందుకే రెండు వందల ఏళ్లు దాటినా చెల్లుతోంది. 1924లో ఫ్రెంచి పాథాలజిస్టు పియేర్ మాసోన్ మైక్రోస్కోపు కింద ఈ కంతిని చూసి, వేలి కొసలోని గ్లోమస్ బాడీతో పోల్చి, దీని పుట్టుక ఎక్కడో తేల్చాడు. అమెరికాలో మేయో క్లినిక్ సర్జన్ గ్రాఫ్టన్ లవ్ 1944లో గుండుసూది పరీక్షను, 1970లో హిల్‌డ్రెత్ పట్టీ పరీక్షను చెప్పారు. అంటే జబ్బును గుర్తించే పద్ధతులు ఎమ్మారై పుట్టకముందే చేతికొచ్చాయి.

ఆ పరీక్షలు ఇంత తేలిక. నొప్పి ఎక్కడో రోగినే చూపించమనాలి. గుండుసూది తలతో గానీ బాల్‌పెన్ను మొనతో గానీ గోరు మీద ఒక్కో చోట మెల్లగా నొక్కుతూ పోవాలి. నాలుగు చోట్ల నొక్కితే ఏమీ అనని మనిషి ఐదో చోట చెయ్యి లాక్కుని ఎగిరిపడుతుంది. దానికి రెండు మిల్లీమీటర్ల పక్కన మళ్లీ ఏమీ ఉండదు. ఇది లవ్ పరీక్ష. తర్వాత చెయ్యి పైకి ఎత్తించి, రక్తం కిందికి జారాక భుజానికి బీపీ పట్టీ కట్టి, పై బీపీని మించి గాలి ఎక్కించి, అదే చోట మళ్లీ నొక్కాలి. ఇందాక ఎగిరిపడిన మనిషి ఈసారి నిదానంగా చూస్తుంది. పట్టీ వదలగానే నొప్పి మళ్లీ వస్తుంది. ఇది హిల్‌డ్రెత్ పరీక్ష. మూడోది ఐసు. వేలి కొసకు ఐసు ముక్క ఆనిస్తే సలుపు మొదలవుతుంది. మణిపాల్ వైద్యులు 2002లో తమ రోగుల మీద ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, చలి పరీక్షకు పెద్దపీట వేశారు.

కళ్లు పెట్టి చూస్తే ఇంకొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. కొందరి గోరు కింద నీలిరంగు మచ్చ లీలగా కనిపిస్తుంది. కొందరి గోరు మీద నిలువునా గాడి పడుతుంది, లేదా గోరు కొస చీలుతుంది. ఇవేమీ లేకుండా గోరు నున్నగా ఉండే రోగులూ తక్కువేమీ కాదు. గోరు బాగుందని నొప్పిని కొట్టిపారేయకూడదు.

స్కానింగులకు వాటి చోటు వాటికుంది. ఎక్స్‌రేలో కొందరికి ఎముక మీద చిన్న లొట్ట కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కంతి ఒత్తిన గుర్తు అది. నేర్పున్నవాళ్లు చేస్తే డాప్లర్‌తో కలిపిన అల్ట్రాసౌండులో రక్తం జోరుగా పారే చిన్న నల్లటి ముద్ద తెలుస్తుంది. ఎమ్మారైలో టీ2 చిత్రాల్లో తెల్లగా మెరుస్తుంది. నారాయణగూడ, హిమాయత్‌నగర్ వీధుల్లో ఇవాళ స్కానింగు సెంటర్లకు కొదవ లేదు. కానీ చీటీ మీద ‘చెయ్యి ఎమ్మారై’ అని రాసి పంపితే మిల్లీమీటర్ల కంతి చిత్రాల మధ్య సందుల్లో జారిపోతుంది. ఏ వేలు, ఏ వైపు, గోరు మొదట్లోనా కొసలోనా అని రాసి పంపాలి. అంటే ముందు గుండుసూదితో వెతికిన డాక్టరుకే ఎమ్మారై ఉపయోగపడుతుంది. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా, మూడు పరీక్షలూ గట్టిగా ఔనంటే, సర్జన్లు గోరు తెరిచి చూడటానికి వెనకాడరు. అది సరైన పనే.

గోరు తెరవాలంటే ముందు మత్తు కావాలి, కాబట్టి ఇక్కడ మళ్లీ రూపాబాయి రోజుల్లోకి వెళ్లాలి. 1812లో వుడ్ ఈ బుడిపెల గురించి రాసినప్పుడు మత్తుమందు లేదు. అదే ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు 1847లో క్లోరోఫామ్ వాడకం మొదలుపెట్టాడు. ఎడిన్‌బరోలో చదువుకున్న ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్ అయి, మెడికల్ స్కూలును నడిపి, ఆడపిల్లలకు అందులో చోటిచ్చాడు. క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు నాడి కాదు, శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్నది ఆయన పంతం. దాన్ని రుజువు చేయడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫామ్ కమిషన్లు ఈ నగరంలోనే పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. శ్వాస ఆగాకే గుండె ఆగుతుందని కమిషన్ తేల్చింది. అది పూర్తి నిజం కాదనీ, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చనీ 1911 నాటికి గుడ్‌మన్ లెవీ ఇంగ్లండులో చూపించాడు. కమిషన్ తేల్చినదాంట్లో తప్పున్నా, ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న పాఠం మాత్రం పోలేదు. ఆ శ్రద్ధతోనే రూపాబాయి తరం పనిచేసింది.

వేలి కంతిని తీయడానికి ఇప్పుడు మనిషినంతటినీ నిద్రపుచ్చే అవసరం ఉండదు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకెయిన్ చాలు. వేలి మొదట్లో రెండు పక్కలా సూదితో మందు వేస్తే కొసదాకా తిమ్మిరెక్కుతుంది. వేలికి వేసే మందులో అడ్రినలిన్ కలపకూడదని, కలిపితే వేలు కుళ్లిపోతుందని తరతరాల విద్యార్థులు కోఠి దుకాణాల్లో కొన్న పుస్తకాల్లో చదివి బట్టీపట్టారు. కెనడా సర్జన్ లాలొండ్ బృందం 2005లో 3110 కేసుల లెక్క బయటపెట్టింది. వేళ్లలో, చేతుల్లో అడ్రినలిన్ వాడినా ఒక్క వేలు కూడా కుళ్లలేదు. ఇవాళ చేతి సర్జన్లు చాలామంది ధైర్యంగా వాడుతున్నారు, రక్తప్రసరణ ముందే దెబ్బతిన్న వేళ్లను మాత్రం వదిలేసి.

ఈ ఆపరేషన్లో ఒక చిన్న పని ఉంది. మరిచిపోతే అంతా వృథా. మత్తు సూది వేయకముందే, రోగి మేలుకుని ఉండగానే, నొప్పి పుట్టే ఆ ఒక్క చుక్కను పెన్నుతో గుర్తు పెట్టాలి. తిమ్మిరెక్కాక రోగి ఆ చోటు చూపించలేరు. కంతి చిన్నది, రక్తం ఆపాక రంగు కూడా వెలిసిపోయి చుట్టూ ఉన్న కండలో కలిసిపోతుంది. సర్జన్ మనసులో ఉన్న చోటు, రోగి వేలిలో ఉన్న చోటు ఒకటి కాకపోతే గోరు తీసిందే మిగులుతుంది. అందుకే రక్తం ఆపడానికి వేలికి పట్టీ బిగించేముందు రక్తాన్ని పూర్తిగా పిండెయ్యకుండా చెయ్యి కాసేపు ఎత్తి ఉంచితే చాలని అనుభవజ్ఞులు చెబుతారు.

తర్వాత గోరును పూర్తిగా గానీ సగం గానీ జాగ్రత్తగా లేపుతారు. కళ్లకు భూతద్దాల జోడు పెట్టుకుని గోటి మంచాన్ని, అంటే గోరు కింది మెత్తటి పొరను, నిలువుగా, సన్నగా కోస్తారు. ఆ కోత కింద గులాబీ, బూడిద రంగులు కలిసిన నిగనిగలాడే చిన్న గుండ్రటి ముద్ద కనిపిస్తుంది. దాన్ని చుట్టూ విడదీస్తే పొరతో సహా ఊడివస్తుంది. ఒక్క తునక కూడా మిగలకూడదు. గోటి మంచాన్ని వెంట్రుకంత దారంతో కుట్టి, తీసిన గోరునే శుభ్రం చేసి పైన కప్పుతారు. కంతి గోరు అంచున పక్కకు ఉంటే గోరు తీయకుండా వేలి పక్కనుంచి ఎముకను ఆనుకుని వెళ్లే దారి ఉంది. దాంట్లో గోరు చెడే ప్రమాదం తక్కువ, కంతి కనిపించే వీలు కూడా తక్కువ. గోరు కింద నడిమధ్యన ఉన్న కంతికి గోటి గుండా వెళ్లడమే నయమని చాలామంది సర్జన్ల అభిప్రాయం. గోరు అందం కోసం కంతి వదిలేస్తే నొప్పి తిరిగొస్తుంది, అప్పుడు రెండోసారి కోతలో గోరు ఇంకా చెడుతుంది. పట్టీ విప్పడం మరిచిపోకుండా ఉండటానికి దాన్ని వేలి మీద కనపడేలా ఉంచి, చివర్లో చూసి విప్పామని చీటీలో రాయాలి. ఈ ఒక్క మరుపుతో వేళ్లు పోయిన సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నాయి.

వేళ్ల మీద వచ్చే కంతులన్నీ ఇవే కావు. దేనికది తెలిస్తేనే దారి తప్పరు. పయోజెనిక్ గ్రాన్యులోమా అనే పేరుతో తిరిగే ఎర్రటి బుడిపె చాలా భిన్నం. గోరు పక్కన చిన్న గాయం తర్వాతో, గర్భిణుల్లోనో, కొన్ని క్యాన్సర్ మందులు వాడేవాళ్లలోనో రెండు మూడు వారాల్లో లేచి నిలబడుతుంది. నొప్పి కన్నా నెత్తురు ఎక్కువ. చొక్కా అంచు తగిలినా కారుతుంది. మొదట దాన్ని 1897లో ఫ్రాన్స్‌లో పోన్సే, డోర్ వర్ణించారు. దాన్ని గీకి మొదలు కాల్చడం ఇప్పటికీ నమ్మకమైన వైద్యం. చిన్నపిల్లల్లో టిమొలాల్ చుక్కలు పూయడంతో తగ్గినవి ఉన్నాయి. ముంబైలో చర్మవైద్యులు 2020లో వంటింటి ఉప్పును పెట్టి కట్టుకట్టి తగ్గించిన తమ రోగుల సంగతి అచ్చువేశారు. పేదల ఆసుపత్రులకు అది ఆశ కలిగించే సంగతి. అయితే ఉప్పు పెట్టేముందు డాక్టరు కన్ను పడి తీరాలి. రంగు లేని మెలనోమా, అంటే చర్మపు క్యాన్సర్లలో ప్రమాదకరమైనది, అచ్చం ఈ వేషంలోనే వస్తుంది. తీసిన ముక్క పాథాలజీ పరీక్షకు వెళ్లకుండా డస్ట్‌బిన్‌లో పడకూడదు. గ్లోమస్ కంతి ముక్కకూ అదే నియమం, అందులో క్యాన్సర్ రకం అత్యంత అరుదే అయినా.

పుట్టిన కొద్ది వారాల్లో పసివాళ్ల వేళ్ల మీద ఎర్రగా పెరిగే హెమాంజియోమా ఇంకో కుటుంబం. అది పెరిగి, ఆగి, మెల్లగా తనంతట తాను తగ్గుతుంది. తగ్గక ఇబ్బంది పెట్టేవాటికి ప్రొప్రనొలాల్ పనిచేస్తుందని 2008లో బోర్డో నగరపు వైద్యులు చూపించాక చికిత్సే మారిపోయింది. పుట్టుకతోనే ఉండి పిల్లవాడితోపాటు పెరిగే రక్తనాళాల లోపం మాత్రం వేరు. ఈ రెంటినీ విడదీసి చెప్పిన పని 1982లో మల్లికెన్, గ్లోవాకీలది. అంతకుముందు అన్నిటినీ ఒకే గాటన కట్టేవారు.

ఒకటికి మించి వేళ్లలో గ్లోమస్ కంతులు వస్తే ఒళ్లంతా చూడాలి. చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఉన్నాయేమో, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయేమో అడగాలి. న్యూరోఫైబ్రొమటోసిస్ ఒకటో రకం ఉన్నవాళ్లలో ఈ కంతులు రావడం యాదృచ్ఛికం కాదనీ, ఆ జబ్బుకు మూలమైన జన్యువు రెండు ప్రతులూ కంతి కణాల్లో పనిచేయవనీ 2009లో తేలింది.

అశోక్‌నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతూ రోజుకు పది గంటలు రాసే అమ్మాయి, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ బల్లల దగ్గర పేజీలు తిప్పే కుర్రాడు, సుల్తాన్‌బజార్‌లో కుట్టుమిషను ముందు కూర్చునే మనిషి, వీళ్లలో ఎవరికైనా వేలి కొసలో నొప్పి వస్తే బడలిక అనుకోవడం తేలిక. బస్తీ దవాఖానాల్లో రోజుకు వందమందిని చూసే డాక్టరుకు సమయం తక్కువన్నది నిజమే. కానీ గుండుసూది పరీక్షకు నిమిషం చాలు. నర్సుకు నేర్పితే ఆమె చేయగలదు. చలికి నొప్పి, ఒకే చుక్క దగ్గర నొప్పి, ఉన్నట్టుండి లేచే నొప్పి, ఈ మూడూ కలిసి ఉన్న రోగి చీటీ మీద ‘గ్లోమస్ ఉండవచ్చు’ అని రాసి ఉస్మానియా ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీకో ఆర్థోపెడిక్స్‌కో పంపితే, మెడ స్కానింగులూ వాతం పరీక్షలూ తప్పుతాయి, రోగి మనసును అనుమానించడమూ తప్పుతుంది.

ఆపరేషన్ తర్వాత చాలామందికి ఆ పాత పోటు మొదటి రోజుల్లోనే పోతుంది, కుట్టిన చోటి నొప్పి మాత్రం కొన్నాళ్లుంటుంది. గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి కొత్త గోరు నిండటానికి ఆరు నెలల దాకా పడుతుంది. మూడు నెలలైనా అదే నొప్పి ఉంటే కొంత కంతి మిగిలిందనో, పక్కన రెండోది ఉందనో అనుకోవాలి. ఏళ్ల తర్వాత వస్తే కొత్తది పుట్టి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ గుండుసూదితోనే మళ్లీ మొదలుపెట్టి, ఆ చోటు రాసిచ్చి ఎమ్మారైకి పంపాలి. పాథాలజీ రిపోర్టు, మొదటి ఆపరేషన్ చీటీ రోగి చేతిలో ఉంటే రెండో సర్జన్ ఏ వైపునుంచి లోపలికి వెళ్లాలో తేల్చుకోగలడు.